ముట్లుడిగాక హార్మోన్ మందులు, రక్తస్రావం: షరీఅత్ ఆదేశాలు, వైద్య జాగ్రత్తలు

ముట్లుడిగి ఏడాది దాటింది. ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం భరించలేక డాక్టరు రాసిచ్చిన హార్మోన్ మాత్రలు వాడుతున్నారు. ఇంతలో మళ్ళీ రక్తం కనిపించింది. ఇప్పుడు నమాజు చదవాలా, మానాలా? రోజా ఉండవచ్చా? యాభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న సోదరీమణుల్లో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. అయితే నోరు తెరిచి అడిగేవారు తక్కువ. కొందరు కూతురి చేత అడిగిస్తారు, కొందరు కోడలి చేత అడిగిస్తారు. ఇంకొందరు ఎవరినీ అడగకుండా తమకు తోచినట్లు చేసుకుపోతారు.

అలా తోచినట్లు చేసేవారు రెండు విధాలుగా నష్టపోతున్నారు. ఒక వర్గం వారు చుక్క రక్తం కనిపిస్తే చాలు, వారాల తరబడి నమాజు వదిలేస్తారు. రెండో వర్గం వారు, "వయసైపోయింది కదా, ఇది హైజ్ కాదు" అని నమాజు చదువుకుంటారు. అది మంచిదే. కానీ హైజ్ కాదన్న ధీమాతో డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళరు. మొదటివారు ఫర్జ్ నమాజులను పోగొట్టుకుంటున్నారు. రెండోవారు ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

కాబట్టి ఈ వ్యాసంలో మేము ముందుగా చెప్పదలచిన మాట ఒక్కటే. ఈ రక్తం విషయంలో ప్రశ్నలు రెండు. ఇది హైజా, ఇస్తిహాజానా అన్నది ధర్మపండితుణ్ణి అడగవలసిన ప్రశ్న. ఇది ఎందుకు వస్తోంది అన్నది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న. ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి జవాబు కాదు. "ఇది ఇస్తిహాజా, నమాజు చదవండి" అని ముఫ్తీ సాహెబ్ చెప్పినంత మాత్రాన జబ్బేమీ లేదని అర్థం కాదు. "ఈ మందుకు ఇది మామూలే" అని డాక్టరమ్మ చెప్పినంత మాత్రాన నమాజు ఆదేశం తెలిసిపోయినట్లు కాదు. రెండు గడపలూ తొక్కాలి.

సిగ్గు అడ్డు రాకూడదు

దైవప్రవక్త (స) కాలంలో ఈ ప్రశ్న అడిగిన స్త్రీలు ఒకరిద్దరు కాదు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తన రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానేయాలా అని నేరుగా ప్రవక్త (స) సన్నిధిలోనే అడిగారు. అది ఒక నరం నుండి వచ్చే రక్తమే గాని హైజ్ కాదని, హైజ్ రోజులు వచ్చినప్పుడు మాత్రమే నమాజు ఆపాలని, అవి గడిచాక శుభ్రపరచుకొని నమాజు చదవాలని ఆయన (స) వివరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. హజ్రత్ ఉమ్మె హబీబా బిన్తె జహష్ (రజి) ఏడేళ్ళపాటు ఇస్తిహాజాతో బాధపడ్డారు. అయినా నమాజు వదలలేదు.

మదీనా అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఎంతో మెచ్చుకున్నారు. ధర్మజ్ఞానం సంపాదించుకోవడానికి వారికి సిగ్గు అడ్డు రాలేదన్నదే ఆ మెప్పుకు కారణం. ముస్లిం గ్రంథంలో ఈ విషయం ఉంది. హయా ఈమాన్‌లో భాగమే. అయితే ఫర్జ్‌ను పోగొట్టే సిగ్గు, రోగాన్ని దాచిపెట్టే సిగ్గు హయా అనిపించుకోదు.

ఇంకొక విషయం గమనించండి. ప్రవక్త (స) ఆ రక్తాన్ని నరానికి సంబంధించినదిగా చెప్పారు. అంటే ఇస్తిహాజాకు శరీరంలో ఏదో ఒక కారణం ఉంటుంది. దానికి వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. అల్లాహ్ ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకూ మందు సృష్టించాడని కూడా తెలిపారు.

శరీరంలో ఏం జరుగుతుంది?

ఆదేశాలు చూసే ముందు ఈ మందులు ఎలా పనిచేస్తాయో కొంచెం తెలుసుకుందాం. అప్పుడు ఆదేశాలు తేలికగా అర్థమవుతాయి.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్లు వైద్యులు పరిగణిస్తారు. మన దేశపు స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ళకే జరుగుతుంది. అప్పటికి అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను తయారు చేయడం దాదాపు ఆపేస్తాయి. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, గుండెదడ, జననాంగం పొడిబారడం, ఎముకలు బలహీనపడడం ఇందువల్లనే. ఇవి భరించలేనంతగా ఉన్నవారికి వైద్యులు ఈస్ట్రోజెన్‌ను మాత్రల రూపంలో గాని, చర్మం మీద అంటించే పట్టీ లేదా రాసే జెల్ రూపంలో గాని ఇస్తారు. అవసరం ఉండి, వైద్యుని సలహాతో వాడితే ఇది కూడా ఒక చికిత్సే. ధర్మరీత్యా దీనికి అభ్యంతరం లేదు.

అయితే ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. అలా ఏళ్ళ తరబడి పెరిగితే అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 1975లో అమెరికా వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనాలు ఈ ప్రమాదాన్ని బయటపెట్టాయి. అందుకే గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టోజెన్ అనే రెండో హార్మోన్ కూడా ఇస్తారు. అది ఆ పొరను పెరగనివ్వకుండా అదుపులో ఉంచుతుంది.

ఈ రెండో హార్మోన్ ఇచ్చే పద్ధతులు రెండు. రక్తం ఎప్పుడు వస్తుందన్నది వీటినిబట్టే ఉంటుంది.

మొదటిది, ఈస్ట్రోజెన్ ప్రతిరోజూ వాడుతూ, ప్రొజెస్టోజెన్ మాత్రం నెలకు 10 నుండి 14 రోజులు వాడే పద్ధతి. ఆ మాత్రలు అయిపోవచ్చే సమయంలో గాని, అయిపోయిన కొద్ది రోజులకు గాని ముట్టు మాదిరిగా రక్తం వస్తుంది. నెలనెలా దాదాపు అదే సమయానికి వచ్చి కొద్ది రోజుల్లో ఆగిపోతుంది. ముట్లు ఇంకా పూర్తిగా ఆగనివారికి, ఆగి ఎంతోకాలం కానివారికి ఎక్కువగా ఈ పద్ధతినే రాస్తారు.

రెండవది, రెండు హార్మోన్లూ ప్రతిరోజూ కలిపి వాడే పద్ధతి. దీని ఉద్దేశమే రక్తం రాకుండా ఉండడం. కానీ మొదటి 3 నుండి 6 నెలల దాకా అప్పుడప్పుడు మరకలు, చుక్కలు కనిపించడం సాధారణం. వాటికి ఒక సమయమంటూ ఉండదు. మాత్ర వేసుకోవడం మరిచిపోయినా రక్తం కనిపించవచ్చు.

ఏది హైజ్? ఏది ఇస్తిహాజా?

మన ప్రాంత ముస్లిములలో అత్యధికులు హనఫీ ఫిఖ్హ్‌ను అనుసరిస్తారు కాబట్టి మొదట ఆ ప్రకారం చెబుతున్నాము. హనఫీ ఫిఖ్హ్‌లో మూడు లెక్కలు గుర్తుంచుకోవాలి. హైజ్ కనీసం 3 పగళ్ళు 3 రాత్రులు, అంటే 72 గంటలు. గరిష్ఠంగా 10 రోజులు. రెండు హైజ్‌ల మధ్య పరిశుద్ధంగా ఉండే కాలం కనీసం 15 రోజులు.

ఆశ వదులుకునే వయసును, అంటే ఇక హైజ్ రాదని భావించే వయసును హనఫీ పండితులు 55 ఏళ్ళుగా నిర్ణయించారు. ఫత్వా దీని మీదనే ఉంది. ఇవి చాంద్రమాన సంవత్సరాలని మరవకండి. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం సుమారు 53 ఏళ్ళ 4 నెలలు అవుతుంది.

55 ఏళ్ళు నిండని స్త్రీకి ముట్లుడిగిపోయాయని డాక్టరు చెప్పినా, ఏడాదిపాటు రక్తం రాకపోయినా, పై మూడు లెక్కలకు సరిపడే రక్తం మళ్ళీ వస్తే అది హైజ్ అవుతుంది. మందు వల్ల వచ్చిందన్న కారణంగా ఆదేశం మారదు. ఈ వయసులో హైజ్ రోజుల్లో కనిపించే ఎరుపు, గోధుమ, పసుపు, మట్టి రంగులన్నీ హైజ్‌లోనే లెక్క. స్వచ్ఛమైన తెలుపు మాత్రమే పరిశుద్ధతకు గుర్తు. ఇప్పుడు నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మొదటి ఉదాహరణ: ఒక సోదరికి 49 ఏళ్ళు. మొదటి పద్ధతిలో మందులు వాడుతున్నారు. ప్రతి నెలా మాత్రలు ముగిశాక 5 రోజులు రక్తం వస్తుంది. మధ్యలో 20 రోజులకు పైగా పరిశుద్ధంగా ఉంటారు. ఆ 5 రోజులు హైజ్. నమాజు, రోజా, దాంపత్యం నిషిద్ధం. ఆగిన తర్వాత గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. వదిలిన నమాజులకు ఖజా లేదు. వదిలిన రోజాలకు ఖజా ఉంది.

రెండవ ఉదాహరణ: అదే వయసు సోదరికి రెండు రోజులు మరకలు కనిపించి ఆగిపోయాయి. రక్తం కనిపించగానే ఆమె నమాజు ఆపారు. అది సరైనదే. 72 గంటలు నిండక ముందే ఆగిపోయింది కాబట్టి వుజూ చేసి నమాజు తిరిగి మొదలుపెట్టాలి. మొదటి చుక్క నుండి 10 రోజుల లోపల మళ్ళీ రాకపోతే అది ఇస్తిహాజా. ఆ రెండు రోజుల నమాజులు ఖజా చదవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ నమాజులు మాఫీ అయ్యాయనుకుంటారు. మాఫీ కాలేదు.

మూడవ ఉదాహరణ: ఒకరోజు రక్తం కనిపించింది, మూడు రోజులు లేదు, మళ్ళీ ఐదో రోజున వచ్చి ఏడో రోజున ఆగింది. హనఫీ ఫిఖ్హ్‌లో రక్తం తెరిపి లేకుండా కారాలన్న షరతు లేదు. రెండు రక్తాల మధ్య 15 రోజుల కంటే తక్కువ వ్యవధి ఉంటే దానిని విడిగా పరిశుద్ధకాలంగా లెక్కించరు. కాబట్టి మొదటి రోజు నుండి ఏడో రోజు దాకా అంతా హైజే.

నాలుగవ ఉదాహరణ: రెండో పద్ధతిలో మందు మొదలుపెట్టిన సోదరికి 14 రోజులపాటు మరకలు కనిపించాయి. 10 రోజులు దాటిపోయింది. ఇప్పుడు ఆమె తన పాత అలవాటును చూసుకోవాలి. ముట్లు ఉన్న కాలంలో చివరి అలవాటు 6 రోజులైతే, మొదటి 6 రోజులు హైజ్, మిగిలిన 8 రోజులు ఇస్తిహాజా. ఏడో రోజు నుండి పదో రోజు దాకా హైజ్ అనుకొని వదిలిన నమాజులను ఖజా చదవాలి. మరకలు అలాగే నెలల తరబడి కొనసాగితే పాత అలవాటు ప్రకారమే నడుచుకోవాలి. నెలకు 6 రోజులు హైజ్, మిగిలిన 24 రోజులు పరిశుద్ధ కాలం. పాత అలవాటు గుర్తులేని వారు మాత్రం సొంతంగా లెక్కలు వేసుకోకుండా ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి.

55 దాటిన వారికి

ఈ వయసు దాటాక వచ్చే రక్తాన్ని మొదట ఇస్తిహాజాగానే చూస్తారు. మరకలు, పసుపు, మట్టి రంగు స్రావాలు కనిపిస్తే నమాజు ఆపరాదు. అయితే ఎర్రని లేదా నల్లని చిక్కటి రక్తం 3 రోజులు లేదా అంతకంటే ఎక్కువ వస్తే దానిని హైజ్‌గా లెక్కించాలన్నది హనఫీ పండితులు ఎంచుకున్న మాట. మందు ఆపితే రక్తం ఆగిపోతుంది, ఇది కేవలం మందు ప్రభావమే అని వైద్యులు నిర్ధారించినప్పుడు దానిని హైజ్‌గా లెక్కించనవసరం లేదని భావించే పండితులు కూడా ఉన్నారు. కాబట్టి మీరు నమ్మిన ముఫ్తీని ఒకసారి అడిగి, ఆయన చెప్పినదాని మీద నిలకడగా ఉండండి. ఈ నెల ఒకరి మాట, వచ్చే నెల ఇంకొకరి మాట పట్టుకోవడం తగదు.

హైదరాబాద్‌లోని బార్కస్‌లో స్థిరపడిన హజ్రమీ అరబ్బు కుటుంబాల వంటివారు షాఫయీ ఫిఖ్హ్‌ను అనుసరిస్తారు. ఆ ప్రకారం హైజ్ కనీసం ఒక పగలు ఒక రాత్రి, గరిష్ఠంగా 15 రోజులు. ఇమామ్ అహ్మద్ (రహ్మ) నుండి 50 ఏళ్ళ పరిమితి ఉల్లేఖించబడింది. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) వయసుకు పరిమితి లేదన్నారు. రక్తపు రంగు, గుణాలనుబట్టి గుర్తించే పద్ధతిని అనుసరించేవారు తమ పండితులను అడగాలి.

గర్భసంచి తీసివేసిన సోదరీమణులకు

మన రాష్ట్రాలలో ఇది పెద్ద విషయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా కలిపి 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. వీరిలో అండాశయాలు కూడా తీసివేసిన వారికి చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ వాడవలసి రావచ్చు. గర్భసంచి లేదు కాబట్టి వీరికి ప్రొజెస్టోజెన్ సాధారణంగా ఇవ్వరు.

హైజ్ అంటే గర్భాశయం నుండి వచ్చే రక్తం. గర్భసంచి పూర్తిగా తీసివేసిన స్త్రీకి రక్తం కనిపిస్తే అది హైజ్ కాదు. నమాజు, రోజా ఆగవు. శుభ్రపరచుకొని వుజూ చేసి నమాజు చదవాలి. గర్భసంచి ముఖద్వారాన్ని ఉంచి పైభాగం మాత్రమే తీసివేసిన వారికి లోపలి పొర కొంచెం మిగిలి, మందుల వల్ల నెలనెలా కాస్త రక్తం రావచ్చు. ఆపరేషన్‌లో ఏమి తీశారో, ఏమి ఉంచారో డిశ్చార్జి కాగితాలలో రాసి ఉంటుంది. వాటిని భద్రంగా ఉంచుకోండి. ముఫ్తీకి, డాక్టరుకు ఇద్దరికీ ఆ వివరం అవసరం. గర్భసంచి లేని స్త్రీకి కనిపించే రక్తాన్ని కూడా డాక్టరుకు తప్పక చూపించాలి.

ఇస్తిహాజాలో నమాజు, రోజా

ఇస్తిహాజాలో నమాజు, రోజా, ఖుర్ఆన్ పారాయణం, దాంపత్యం అన్నీ ధర్మసమ్మతమే. ఇందులో రెండు స్థితులు ఉన్నాయి.

రక్తం అప్పుడప్పుడు మాత్రమే కనిపిస్తుంటే అది వుజూను భంగపరుస్తుంది, అంతే. కడుక్కొని, గుడ్డ లేదా ప్యాడ్ మార్చుకొని, మళ్ళీ వుజూ చేసి నమాజు చదవాలి. గుస్ల్ అవసరం లేదు.

ఒక నమాజు సమయమంతటిలోనూ వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత తెరిపి కూడా దొరకకపోతే ఆమె మాజూర్ అవుతుంది. అప్పుడు ప్రతి నమాజు సమయం ప్రవేశించాక ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఆ సమయం ముగిసేదాకా, రక్తం వస్తున్నా, ఫర్జ్, సున్నత్, నఫిల్, ఖజా అన్నీ ఆ వుజూతోనే చదవవచ్చు. షాఫయీ ఫిఖ్హ్ ప్రకారం ప్రతి ఫర్జ్ నమాజుకు వేరుగా వుజూ చేయాలి.

రంజాన్ విషయానికి వస్తే, చర్మం మీద అంటించే పట్టీ వల్ల గాని, రాసుకునే జెల్ వల్ల గాని రోజా భంగం కాదు. జననాంగం లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు మాత్రం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రోజాను భంగపరుస్తాయి. వాటిని ఇఫ్తార్ తర్వాత, రాత్రి పడుకునేటప్పుడు వాడుకోవాలి. నోటి మాత్రలను కూడా సహరీకో, ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చు. డాక్టరును అడిగి ఒకే వేళకు వేసుకుంటూ ఉండండి.

హజ్, ఉమ్రా ప్రయాణానికి ముందు

మన ఇళ్ళలో స్త్రీలు హజ్‌కు వెళ్ళేది ఎక్కువగా ఈ వయసులోనే. హైజ్ స్థితిలో తవాఫ్ చేయరాదు. ఇస్తిహాజాలో శుభ్రత పాటించి, వుజూతో తవాఫ్ చేయవచ్చు. ఈ తేడా తెలియక అక్కడ కన్నీళ్ళు పెట్టుకునేవారున్నారు. హైజ్ కాని రక్తానికి తవాఫె జియారత్ మానుకొని కూర్చునేవారూ ఉన్నారు.

హార్మోన్ మందు వాడుతున్నవారు ప్రయాణానికి ఆరు నెలల ముందే డాక్టరును కలవాలి. కొత్త పద్ధతిలో మందు మొదలుపెడితే శరీరం సర్దుకోవడానికి 3 నుండి 6 నెలలు పడుతుందని పైన చెప్పాము. బయలుదేరే వారంలో మందు మార్చడం, ఉన్నట్టుండి ఆపేయడం వల్ల సరిగ్గా హజ్ రోజుల్లోనే రక్తం మొదలయ్యే ప్రమాదం ఉంది.

తలాఖ్, ఇద్దత్

ఇది అత్యంత సున్నితమైన విషయం. ముట్లు వచ్చే స్త్రీకి తలాఖ్ ఇద్దత్ మూడు హైజ్‌లని సూరా అల్ బఖరా 228వ ఆయత్‌ను బట్టి హనఫీ పండితులు చెబుతారు. హైజ్ మీద ఆశ వదులుకున్న స్త్రీకి మూడు నెలలని సూరా అత్ తలాఖ్ 4వ ఆయత్ తెలుపుతోంది. మందు వల్ల రక్తం వస్తున్న స్త్రీ ఈ రెండింటిలో ఎందులోకి వస్తుందన్న దాని మీద ఆమె మరో నికాహ్ ఆధారపడి ఉంటుంది. ఇంట్లో పెద్దలు కూర్చొని తేల్చే విషయం కాదిది. పుట్టిన తేదీ, ముట్టు ఆగిన తేదీ, మందు పేరు, రక్తం వచ్చిన తేదీలు కాగితం మీద రాసి దారుల్ ఇఫ్తా నుండి ఫత్వా తీసుకోండి. భర్త చనిపోయిన స్త్రీ గర్భవతి కాకపోతే ఆమె ఇద్దత్ 4 నెలల 10 రోజులే. రక్తం వచ్చినా రాకపోయినా ఆ లెక్క మారదు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

ఏ హార్మోన్ మందూ వాడని స్త్రీకి, ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా డాక్టరును కలవాలి. మందు వాడుతున్నవారు ఈ సందర్భాలలో ఆలస్యం చేయరాదు:

- మొదటి పద్ధతిలో, వచ్చే సమయానికి కాకుండా మధ్యలో రక్తం కనిపించినప్పుడు, లేదా మునుపటికంటే ఎక్కువగా, ఎక్కువ రోజులు వస్తున్నప్పుడు.
- రెండో పద్ధతిలో, 6 నెలలు దాటినా మరకలు ఆగనప్పుడు.
- కొన్ని నెలలు ఏమీ లేకుండా ఉండి, కొత్తగా రక్తం మొదలైనప్పుడు.
- గడ్డలు గడ్డలుగా వస్తున్నప్పుడు, గంటగంటకూ ప్యాడ్ మార్చవలసి వస్తున్నప్పుడు. అప్పుడు ఆ రోజే వెళ్ళాలి.
- దాంపత్యం తర్వాత రక్తం కనిపించినప్పుడు.
- గర్భసంచి ఉండి కూడా ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడుతున్నట్లు తెలిసినప్పుడు. ఇందుకు రక్తం కనిపించేదాకా ఆగవద్దు.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ముట్లుడిగాక వచ్చే రక్తానికి ఎక్కువసార్లు కారణాలు ప్రమాదం లేనివే. లోపలి పొర పలచబడి ఎండిపోవడం, చిన్న పిలకలు రావడం వంటివి. అయితే 2018లో వెలువడిన ఒక పెద్ద వైద్య సమీక్ష ప్రకారం, ముట్లుడిగాక రక్తస్రావమైన ప్రతి 100 మందిలో సుమారు 9 మందికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. హార్మోన్ మందులు వాడేవారిలో ఈ పాలు తక్కువ. మరోవైపు, ఆ క్యాన్సర్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 90 మందికి రక్తం కనిపించింది. అంటే ఈ జబ్బు చాలావరకు ముందే హెచ్చరిక పంపుతుంది. ఆ హెచ్చరికను పట్టించుకొని తొందరగా వెళ్ళినవారిలో ఎక్కువమంది నయమవుతారు. స్థూలకాయం, షుగరు, బీపీ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

పరీక్షలు కూడా పెద్ద కష్టమైనవి కావు. డాక్టరు లోపల పరీక్షించి, స్కానింగ్ ద్వారా ఆ పొర మందాన్ని కొలుస్తారు. మందు వాడనివారికి 4 మిల్లీమీటర్లకు మించి ఉంటే సన్నని గొట్టంతో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. మందు వాడేవారి విషయంలో, వాడే పద్ధతిని కూడా చూసి నిర్ణయిస్తారు. లేడీ డాక్టరు దొరికినప్పుడు ఆమె దగ్గరకే వెళ్ళాలి. దొరకనప్పుడు చికిత్స కోసం అవసరమైనంత మేరకు మగ డాక్టరుకు చూపించుకోవడానికి షరీఅత్ అనుమతి ఉంది. పక్కన భర్త గాని, ఇంటి స్త్రీ గాని ఉండాలి.

ఒక హెచ్చరిక. మందుల షాపుకు పిల్లవాణ్ణి పంపి, రక్తం ఆగే మాత్రలు తెప్పించుకొని వేసుకోవడం చాలా ఇళ్ళలో ఉంది. అలా రక్తం ఆగితే జబ్బు ఆగినట్లు కాదు, దాని గుర్తు మాత్రమే దాగిపోతుంది. అలాగే పక్కింటి ఆపాకు రాసిచ్చిన మాత్రలు మీరు వాడకండి. ఆమెకు గర్భసంచి తీసేసి ఉండవచ్చు, మీకు ఉండవచ్చు. ఆమెకు సరిపోయిన మందు మీకు హాని చేయవచ్చు.

ఒక చిన్న నోటుబుక్కు

ముఫ్తీ సాహెబ్ అడిగే ప్రశ్నలు, డాక్టరమ్మ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎప్పుడు మొదలైంది? ఎన్ని రోజులు వచ్చింది? ఏ రంగు? మధ్యలో ఎన్ని రోజులు తెరిపి? మందు ఏ రోజున మొదలుపెట్టారు? మధ్యలో ఎప్పుడైనా మరిచిపోయారా? చాలామంది ఇద్దరికీ "గుర్తులేదు" అనే చెబుతారు. అందుకే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రక్తం కనిపించిన తేదీ, గంట, రంగు, ఆగిన తేదీ, గంట రాసుకోండి. 72 గంటల లెక్కకు గంట కూడా అవసరమే. మాత్రల పేరు, రోజుకు ఎన్ని, ఏ తేదీ నుండి అన్నది మొదటి పేజీలో రాయండి. చదువురాని అమ్మలకు, ఖాలాలకు ఇంట్లోని ఆడపిల్లలు రాసిపెట్టాలి. అది కూడా సేవే.

ఇంటి మగవారితో ఒక మాట

సోదరులారా! ఈ వ్యాసం ఆడవారి కోసమని పేజీ తిప్పేయకండి. హైజ్ బాధాకరమైన స్థితి అని అల్లాహ్ సూరా అల్ బఖరా 222వ ఆయత్‌లో తెలిపాడు, అప్పుడు దూరంగా ఉండమని మగవారినే ఆదేశించాడు. కాబట్టి ఏది హైజో, ఏది కాదో తెలుసుకోవడం మీకు కూడా అవసరమే. మీ ఇంటి స్త్రీ చెప్పలేక చెప్పినప్పుడు, "ఈ వయసులో ఇదేమిటి?" అని నవ్వకండి, విసుక్కోకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బయాప్సీ ఖర్చు చూసి వెనుకాడకండి. అమ్మ గాని, భార్య గాని నలభై ఏళ్ళు ఇంటిని మోసింది. ఆమె ఆరోగ్యం మీ దగ్గర ఉన్న అమానత్.

సోదరీమణులారా! ఇప్పటిదాకా తెలియక వదిలిన నమాజులు ఉంటే నిరాశపడకండి. రోజులు అంచనా వేసుకొని, రోజుకు కొన్ని చొప్పున ఖజా చదవడం మొదలుపెట్టండి. ఇప్పటిదాకా దాచిన రక్తస్రావం ఉంటే, ఈ వారమే డాక్టరుకు చూపించండి.

అల్లాహ్ మన సోదరీమణులకు ఆరోగ్యాన్ని, ధర్మజ్ఞానాన్ని, అడిగి తెలుసుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక! వారి నమాజులను, రోజాలను స్వీకరించుగాక! ఆమీన్. వల్లాహు అఅలమ్.